ప్రవక్తను చదివిన వానాకాలం

మొన్న ఆదివారం మా చర్చిలో పిల్లలకు పాఠం చెప్పే టీచరమ్మకు జ్వరమొచ్చిందని నన్ను కూర్చోబెట్టారు. బడి ఉద్యోగం నుంచి దిగి ఇన్నేళ్లయినా, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆ కుర్చీలోకి నేనే పోవాలి. ఆ రోజు పాఠం చెర గురించి. ప్రవక్త ఎన్నేళ్లు మొత్తుకున్నా జనం వినలేదు. శత్రువులు వచ్చి పట్నాన్ని తగలబెట్టి అందరినీ పరాయి దేశానికి పట్టుకుపోయారు. ఎప్పుడూ చెప్పే పాఠమే, గొంతు తనంతట తానే చెప్పుకుపోయింది. అయిపోయాక ముందు వరసలో పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"అమ్మమ్మా, మొన్న వానలకు మా పెద్దమ్మోళ్ల ఇల్లు కూలిపోయింది గదా. మరి వాళ్లేం తప్పు చేసిండ్రు?"

పిల్లలకు బొమ్మలిచ్చి రంగులు వేయమన్నాను. ఇంటికొచ్చి మంచం మీద వాలాక కూడా ఆ పిల్ల మొహం కళ్లముందు నుంచి పోలేదు. ఇదే ప్రశ్న మా తాతను ఒకావిడ అందరి ముందు ఏడుస్తూ అడిగింది. ఆయన చెప్పిన జవాబు నాకు గుర్తుంది గానీ, అది గంట కొట్టేలోపు చెప్పి ముగించే జవాబు కాదు. చెప్పాలంటే ఒక వానాకాలం మొత్తం చెప్పాలి. ఈ మధ్య నాకంత ఓపిక ఉండటం లేదు.

మా పాలెం దుమ్ముగూడెం దాటి ఏటికి ఎగువకు పోతే వచ్చేది. ముందు గోదావరి, వెనక అడవి, మధ్యలో ముప్పై గుడిసెలు. మా పెద్దవాళ్లది అసలు బోనకల్ వైపు. అక్కడ ఒకరి చేలల్లో పాలేరుతనం చేసీ చేసీ, ఏటి ఒడ్డున కోస్తా రైతులు పొగాకు, మిరప వేస్తున్నారు, కూలి దొరుకుతుందంటే మూటలు కట్టుకుని వచ్చి దిగారు. మట్టిగోడల మీద తాటాకు కప్పి ప్రార్థన గుడిసె ఒకటి వేసుకున్నారు. పాస్టరుగారు భద్రాచలం నుంచి నెలకొకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు మా తాతే ఉపదేశి. చదివింది మూడో తరగతి. కానీ ఆయన వాక్యం చెబుతుంటే చంటిపిల్లలు కూడా ఏడుపు మానేవారు.

ఆ ఏడు తాత కళ్లకు పొరలు కమ్మాయి. అక్షరాలు చీమల్లా కదులుతున్నాయని గ్రంథం నా ఒళ్లో పెట్టాడు. నేనప్పుడు ఆరో తరగతి. రోజూ పొద్దు గూకకముందే, వెలుతురు ఉండగానే చూరు కింద కూర్చుని చదివి వినిపించాలి. తడిసిన తాటాకు వాసన, మేకల వాసన, లోపల నానమ్మ పొయ్యి మీద చింతచిగురులో ఉడికే ఎండుచేపల వాసన. ఆ మూడూ కలిసి ఎక్కడన్నా తగిలితే ఇప్పటికీ నాకు ప్రవక్త గొంతు వినిపిస్తుంది.

నాకేమో రాజుల కథలు ఇష్టం. తాత మాత్రం "ఈ ఏడు ప్రవక్తను చదువుదాం బిడ్డా" అన్నాడు. ప్రవక్త ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటాడు, తిడుతూనే ఉంటాడు. ప్రతి పేజీలోనూ మీరు చెరకు పోతారు, చెరకు పోతారు అని బెదిరింపు. నాలుగు రోజులు ఓర్చుకుని ఐదో రోజు అడిగేశాను.

"తాతా, చెరకు తోటకు పోతే మంచిదే గదా. తియ్యగ తినొచ్చు. ఎందుకు ఏడుస్తుండ్రు?"

తాత నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఏమైందోనని నానమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"చెరంటే చెరకు గాదే పిచ్చిదానా. ఇల్లు, చేను, పెద్దల్ని పాతిన బొందలు అన్నీ ఇడిసిపెట్టి, ఎవడో తోలుతుంటే పోవుడు."

"మనం బోనకల్ కాణ్ణుంచి వచ్చినట్టా?"

"మనం కడుపు కోసం వచ్చినం. మనల్ని ఎవలు తోలలే."

ఆ మాటన్నాక నవ్వు ఆగిపోయింది ఆయనకు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

నేను మంచి పిల్లనేం కాదు. వీధిలో పిల్లలు నేరేడుపండ్లకు పోతూ కేకేస్తే నాలుగు పేజీలు ఒక్కసారే తిప్పేసేదాన్ని. ఒకరోజు అప్పటికే ఒక విడత పండ్లు తిని వచ్చి, అలాగే తిప్పాను. తాత కళ్లు మూసుకుని విని, "మధ్యల కుండ పగలగొట్టిన ముచ్చటేది బిడ్డా?" అన్నాడు.

"ఆ కాగితం ఎలుక కొట్టింది తాతా."

"ఎలుక నాలికెందుకు నల్లగున్నది?"

నాలుక లోపల పెట్టుకుని, ఎలుక కొట్టిన కాగితం మళ్లీ చదివాను.

అట్లా చదువుతుండగా ఒక సాయంత్రం ప్రవక్త గుడి వాకిట్లో నిలబడి మాట్లాడే చోటు వచ్చింది. ఈ గుడి మనది, మనకేం కాదులే అని మురిసిపోవద్దంటాడు. దిక్కులేనివాళ్లను, మొగుడు చచ్చినదాన్ని, మీ మధ్య బతికే పరాయివాళ్లను ఏడిపించడం మానితేనే ఈ నేల మీద మీకు చోటు, లేకపోతే మిమ్మల్నీ వెళ్లగొడతాను అని దేవుడి మాటగా చెబుతాడు. నేను గడగడా చదివి ముందుకు పోబోతుంటే తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్ల చదువు."

చదివాను.

"ఇంకోపాలి."

మూడోసారి చదివేటప్పటికి ఆయన చూరు గుంజను గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆ రోజు కంచం ముందు కూర్చుని తినకుండానే లేచాడు. నానమ్మ ఎండుచేపల్లో ఉప్పెక్కువైందేమోనని తానే రుచి చూసుకుంది.

మా పాలేనికీ అడవికీ మధ్య ఒకప్పుడు ఒక కోయ ఇల్లు ఉండేది. ముసలామె, ఇద్దరు కొడుకులు. ఇంటి ముందు వాళ్ల జొన్నచేను. ముసలామెకు వేర్లు, ఆకులు తెలుసు. పిల్లలకు పొట్టనొప్పి వచ్చినా, తేలు కుట్టినా మా వాళ్లు ఆమె దగ్గరికే పోయేవాళ్లు. నాకు ఆరేళ్లప్పుడు పాలెంలో విషజ్వరాలు వచ్చాయి. చిన్నపిల్లలు వరసగా పోయారు. నా తమ్ముడు కూడా పోయాడు. అప్పుడే నడక నేర్చి గోడ పట్టుకుని తిరుగుతుండేవాడు. ముసలామె వాడికి వేరు అరగదీసి పట్టింది, రెండో రోజు పోయాడు. ఇక మొదలైంది గుసగుస. ఆమె చేతబడి చేసింది, మన పిల్లల్ని తింటోంది అని. ఒక పొద్దున మగవాళ్లు కర్రలు పట్టుకుని పోయారు. మా నాన్న అందరికన్నా ముందు.

వాళ్లు పోవడం నేను చూశాను. పెద్దకొడుకు తలమీద కుండలు, చిన్నవాడి చేతిలో విల్లు, ముసలామె చంకలో కోడి. ఒక్కరూ ఏడవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత గుడిసెకు ఎవరో నిప్పు పెట్టారు. చేను ఖాళీగా ఉన్నది గదా, బిడ్డ పోయినోడు దున్నుకోనీ అన్నారు అందరూ. నాన్న దున్నుకున్నాడు. ఆ నేలకు ఎవరి దగ్గరా కాగితం లేదు, అడిగేవాళ్లూ లేరు. మా ఇంట్లో మొదటిసారి సొంత జొన్నలతో గటక వండారు. ఆ గటక రుచి నాకింకా గుర్తుంది. బాగుండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

తరువాతి ఆదివారం తాత ప్రార్థన గుడిసెలో లేచి నిలబడి, నాతో ఆ వాక్యం చదివించాడు. తర్వాత తాను మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"ఈ మాటలు ఇన్నేండ్లు నేను వేరేటోళ్ల మీదనే చదివిన. దొరల మీద, ఆసాముల మీద. మొన్ననే నా మీద చదువుకున్న. ఆ ముసల్ది మన పిల్లల్ని తినలే. జ్వరం తిన్నది. ఆ పొద్దే నాకు ఎరుక. ఈ వాకిట్ల నిలబడి, వాళ్లు పోతుంటె సూసిన. నోరు తెరవలే."

నాన్న లేచి నిలబడ్డాడు. "నాయనా, కూసో."

"కూసుంటరా. సెప్పి కూసుంటా. చేను వాళ్లది. వాళ్లకు ఇచ్చెయ్యాలె."

"నా కొడుకు బొందలున్నడు. నీకేమో ఆ మంత్రగత్తె మీద జాలి వుట్టింది!"

నాన్న బయటికి పోయాడు. ఆయన వెనకే మగవాళ్లంతా పోయారు. ఉపదేశికి కళ్లతో పాటు మతి కూడా పోయిందన్నారు. ఆ పై ఆదివారం గుడిసెలో మేం నలుగురమే. తాత, నానమ్మ, అమ్మ, నేను. అమ్మ కూడా తలవంచుకుని కూర్చుంది, పాట అందుకోలేదు. ఇంట్లో తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. నాన్నకు అన్నం అమ్మ పెట్టేది, తాతకు నానమ్మ పెట్టేది. నేను మధ్యలో రెండు పొయ్యిల దగ్గరా తినేదాన్ని.

అప్పుడొచ్చింది గోదారి.

వరద మాకు కొత్త కాదు. ఏటా గట్టు దాకా వచ్చి చూసిపోయేది. ఆ ఏడు మాత్రం పగటిపూటే, అందరూ చూస్తుండగానే గట్టు దాటి పాలెంలోకి నడిచి వచ్చింది. పడవల మీద కొందరు, ట్రాక్టర్ల మీద కొందరు ఎత్తు మీదున్న ఒక ఊరి బడికి చేరాం. నాన్న తాతను వీపు మీద ఎక్కించుకుని మొలలోతు నీళ్లలో నడిచాడు. అప్పుడు కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు. తాత గ్రంథాన్ని తలమీద పెట్టుకుని పట్టుకున్నాడు.

ఆ బడిలో ఎన్ని రోజులున్నామో లెక్క లేదు. నాలుగు గదుల్లో మూడు పాలేల జనం. ఆరని బట్టల వాసన, గంజి వాసన, పసిపిల్లల వాసన. ఆ ఊరివాళ్లు రెండు రోజులు అన్నం వండిపెట్టారు. మూడో రోజు నుంచి బావి దగ్గర మమ్మల్ని వెనక్కి నిలబెట్టారు. "ఎక్కడోళ్లు మీరు? ఎప్పుడు పోతరు?" అని ఒకామె నా బిందె పక్కకు నెట్టింది. తిరిగొచ్చి తాతకు చెప్పి ఏడ్చాను. ఆయన నా తల నిమిరి, "చెరకు తోట గాదని ఇప్పుడు తెలిసిందా బిడ్డా" అన్నాడు. ఈసారి ఇద్దరం నవ్వలేదు.

అక్కడే అడిగింది ఆవిడ. మా పక్కింటి మేకలావిడ. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఉన్నవల్లా మేకలే. అన్నీ కొట్టుకుపోయాయి. వరండాలో అందరూ అన్నానికి వరసలో కూర్చున్నప్పుడు వచ్చి తాత ముందు నిలబడింది.

"పెద్దయ్యా, శిక్ష వస్తదని సెప్పినవు, వచ్చింది. సంబురమేనా? నేను ఎవల మీద కర్ర ఎత్తలే గదా. నా మేకలేం పాపం జేసినయ్?"

అందరూ తినడం ఆపి చూశారు. జనంలో కొందరు తాతకు అప్పటికే భయపడుతున్నారు, ఆయన నోటిమాటకే గోదారి పొంగిందని. ఆ ఒక్క మాటకు అవునంటే చాలు, పాలెమంతా ఆయన కాళ్ల దగ్గరికి వచ్చేది.

"ఏం పాపం జెయ్యలే బిడ్డా," అన్నాడు తాత. "నీళ్లు మంచోణ్ణి, చెడ్డోణ్ణి అడిగి రావు. ఇది శిక్ష అని నేననలే. అట్లన్నోని మాట నమ్మకు. మనం తోలేసిన ఆ ముసల్దానికి ఏ వరదొచ్చిందని? ఆమెకు మనమే వచ్చినం. నన్ను వాక్యం అడిగింది ఆ ఒక్కటే. గోదారి రాకున్నా ఆ బాకీ... కాదు, ఆ తప్పు నాదే."

 మేకలావిడ ఆయన పక్కనే కూలబడి, ఆయన ఆకులోని అన్నం వంక చూస్తూ ఏడ్చింది. నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నీళ్లు తీశాక పోయి చూస్తే గుడిసెలు లేవు, చేను మాత్రం ఉంది. దాని మీద మోకాలి మందాన కొత్త ఒండ్రు పరుచుకుని ఉంది. నాన్న వంగి పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. ఎన్నో వారాల తర్వాత ఆయన మొహం విచ్చుకోవడం చూశాను. "ఈ ఏడు మిరప ఏద్దాం. మనిషెత్తు పెరుగుతది" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

నాలుగో రోజు పొద్దున తాత చేతికర్ర తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని అడవిలోకి నడిచాడు. ఆయనకు చూపు ఆనదు, దారి నేను చెప్పాలి. నాకు దారి తెలియదు, కనిపించినవాళ్లను ఆయన అడగాలి. వాగులు ఇంకా పారుతున్నాయి. కూరకు లేత వెదురుకొమ్ములు కోసుకుని వస్తున్న ఆడవాళ్లు ఆనవాళ్లు చెప్పారు. మధ్యాహ్నం దాటాక ఒక గుట్ట కింద నాలుగిళ్ల గుంపు చేరాం. పెద్దకొడుకు నన్ను గుర్తుపట్టలేదు. తాతను చూసి మాత్రం చేతిలో కొడవలితో అట్లాగే నిలబడిపోయాడు.

అతని భార్య వాళ్ల భాషలో ఏదో అడిగింది.  ఆమె లోపలికి పోయి ఆకు దొన్నెల్లో అంబలి తెచ్చి మా చేతుల్లో పెట్టింది. నేను గుక్కపట్టి తాగాను. తాత తాగలేదు.

"మీ అమ్మ?" అన్నాడు.

"ఇక్కడికొచ్చిన యాడాదికే పోయింది."

తాత దొన్నె కింద పెట్టాడు. తర్వాత చెప్పాల్సిందంతా చెప్పాడు. తాను చూస్తూ ఊరుకున్నది, చేను దున్నుకున్నది, దాని జొన్నలు తిన్నది. క్షమించమని అడగలేదు. "చేను మీది. వచ్చి దున్నుకోండ్రి" అన్నాడు.

పెద్దకొడుకు కింద కూర్చుని కొడవలి మొన మీద వేలు రాశాడు.

"నేను రాను పెద్దాయనా. ఇక్కడ అడవి కొట్టి సాగు జేసుకున్న. పిల్లలు ఈణ్ణే పుట్టిండ్రు. అమ్మ ఈణ్ణే ఉన్నది. మళ్ల లేసి నడిసే బలం లేదు నాకు. తమ్ముడొస్తడేమో, అడుగుత." గుట్టవైపు చూస్తూ అన్నాడు: "చేను గట్టున మా నాయన రాయి ఉండె. సచ్చిపోయినోళ్లకు మేం నిలబెడతం. అది ఉన్నదా? ఉంటె దాన్ని పీకకుండ్రి. అదొక్కటే."

 తాతకూ, నాకూ తెలుసు ఆ రాయి ఎక్కడుందో. నున్నటి నిలువెత్తు బండ అని దాన్ని పడుకోబెట్టి ప్రార్థన గుడిసెకు గడపమెట్టు చేశారు. ప్రతి ఆదివారం దాని మీద కాళ్లు తుడుచుకుని లోపలికి పోయేవాళ్లం.

"మా గుడి వాకిట్ల ఉన్నది," అన్నాడు తాత. "నేనే ఏయించిన."

 పెద్దకొడుకు కొడవలి తీసుకుని లేచి చేలోకి పోయాడు.  తిరుగుదారిలో నా భుజం పట్టుకుని వాగు దాటుతూ, "ఆ రాయి దాని చోట్ల నిలబెట్టాలె బిడ్డా" అన్నాడు తాత.

ప్రార్థన గుడిసె గోడలు కరిగిపోయినా ఆ రాయి అక్కడే ఒండ్రులో కూరుకుని ఉంది. తాత, నానమ్మ, నేను గడ్డపార వేసి తవ్వాం. పాలెంవాళ్లు దూరంగా నిలబడి చూశారు, కొందరు తిట్టారు. మేకలావిడ వచ్చి చెయ్యి వేసింది. అయినా అది కదల్లేదు. తాత కాలు జారి దాని కిందికి పోయేటట్టు ఉంటే నాన్న గబగబా వచ్చి ఆయన్ని పక్కకు లాగాడు. లాగినవాడు పోలేదు. గడ్డపార అందుకుని ఒక్క పెట్టున రాయిని లేపాడు. బండి మీద వేసి చేను గట్టుకు తీసుకుపోయి నిలబెట్టింది కూడా ఆయనే. మొహం కడుక్కుని వచ్చి, అన్ని వారాల తర్వాత తండ్రితో మొదటి మాట అన్నాడు.

"నాయనా, రేపు మేమేం తినాలె?"



చిన్నకొడుకు వచ్చి చేను దున్నుకున్నాడు. పాలెంలో ఇక మాకు పొసగలేదు. మాలాగా దొరికిన నేల దున్నుకున్నవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లెవరూ తిరిగి ఇవ్వలేదు. మమ్మల్ని చూస్తే వాళ్లకు మంట. నాన్న మూటలు కట్టి జూలూరుపాడు తీసుకుపోయాడు. అక్కడ మళ్లీ ఒకరి చేలల్లో కూలి. నానమ్మ ఆ చలికాలమే పోయింది. అమ్మ నాన్నను ఏమీ అనలేదు గానీ తాత వినేటట్టు ఒకసారి అంది: "దేవునికి ముట్టజెప్పనీకె మామకు మన కంచంల అన్నమే దొరికిందా?" నేనూ అమ్మ పక్షమే. చాలా ఏళ్లు అమ్మ పక్షమే ఉన్నాను. చిరిగిన లంగాతో బడికి పోయిన రోజు, ఫీజు కట్టలేక బయట నిలబడ్డ రోజు, నాకు ప్రవక్తంటే మా తాత మొండితనమే.

ప్రవక్తలను తర్వాత నేను ఎన్నిసార్లు చదివానో. శాపాలు అనుకున్నాను, జోస్యాలు అనుకున్నాను. మైకుల్లో ఈ దేశానికి, ఆ దేశానికి అంటగట్టి చెప్పేవాళ్లను విన్నాను. చదవగా చదవగా నాకు మిగిలింది ఇంతే: ఆ మాటలు ఎదుటివాడి మీద చదివితే ఉరుముల్లా ఉంటాయి, చెప్పేవాడికి బలం వస్తుంది. తన మీద చదువుకుంటే మనిషి నడుం వంగిపోతుంది. మా తాతకు వంగిపోయింది.

చివరి ఎండాకాలం ఆయన జూలూరుపాడులో మా కిరాయి ఇంటి వసారాలో మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం, నాకప్పటికి పదహారేళ్లు, కోపం ఆపుకోలేక అడిగాను.

"చేను ఇచ్చినవు గదా తాతా. దేవుడు నీకేమిచ్చిండు?"

ఆయన చూపులేని కళ్లతో నావైపు తిరిగి నిజంగానే ఆలోచించాడు.

"ఏమియ్యలే బిడ్డా. నిద్రిచ్చిండు."

ఆ మాటన్న కాసేపటికే, నోరు కొంచెం తెరుచుకుని, పసివాడిలా నిద్రపోయాడు. అప్పుడే అమ్మ మిరపకోతల నుంచి వచ్చింది. ఆయన్ని చూసి చప్పుడు కాకుండా గిన్నెలో నీళ్లు తెచ్చుకుని, మండుతున్న చేతులు మణికట్ల దాకా అందులో ముంచి, గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు మూసుకుంది గానీ ఆమెకు నిద్ర పట్టలేదు. నేను ఇద్దరి మధ్యా కూర్చుని విసనకర్ర ఎవరివైపు ఊపాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాను.